కుండీలో దాగిన పురుగు



మైపాడు తీరాన మా పెరడంతా ఇసుకే గనుక, వంగ మొక్కలను కుండీలలో పెంచుకుంటాము. గత వేసవిలో రెండు మొక్కలు తలలు వాల్చాయి. ఎండకేననుకొని పూటపూటా నీళ్ళు పోశాము. అయినా చచ్చిపోయాయి. పెరికి చూస్తే వేళ్ళు లేవు. మట్టిలో కాళ్ళు లేని తెల్లటి పురుగులు!

ఇవి బూడిద రంగు ముక్కు పురుగు పిల్లలు. చలి దేశాలలో కుండీ మొక్కలకు వైన్ వీవిల్ చేసే కీడే ఇక్కడ ఇది చేస్తుంది. పెద్ద పురుగులు ఆకుల అంచులు కొరికి, మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ గాట్లు మేము ముందే చూశాము. ఆకులకే గదా అని ఊరుకున్నాము.

మీరు అలా ఊరుకోవద్దు. ఉదయాన్నే మొక్క క్రింద గుడ్డ పరచి కొమ్మలు కుదపండి. రాలిన పురుగులు చచ్చినట్టు పడి ఉంటాయి. నమ్మక సబ్బు నీళ్ళలో వేయండి. మట్టిలో గుప్పెడు వేపపిండి కలపండి. వాడిన మొక్కను వేళ్ళతో సహా తీసివేసి, ఆ మట్టిని పలుచగా ఎండబోయండి. అందులో మరల వంగ నాటవద్దు.

యోనాకు నీడనిచ్చిన సొరచెట్టును వాడజేసినదీ ఒక పురుగే. మన ఇంట మాట తగ్గిన బిడ్డకు పూటపూటా బుద్ధులు చెప్పేముందు, ప్రక్కన కూర్చుండి, ఏమైందని అడుగుదము.