వీలునామా వ్రాయడంలో జాప్యం తగదు

మా మొహల్లాలో ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయనకు ఇద్దరు కుమారులు. పెద్దకొడుకు తండ్రి కళ్లెదుటే చనిపోయాడు. వితంతువైన కోడలు, ఐదేళ్ల మనుమడు ఆయన నీడలోనే బ్రతికేవారు. "మౌల్వీసాబ్, ఈ పిల్లవాడికి ఏదైనా వ్రాసిపెట్టాలి" అని నమాజు తర్వాత నాతో ఎన్నోసార్లు అన్నారు. "రంజాన్ వెళ్లనివ్వండి" అని ఒకసారి, "పంట డబ్బు చేతికి రానివ్వండి" అని మరోసారి వాయిదా వేశారు. ఒకరోజు ఫజ్ర్ వేళ ఆయన మరణవార్త వచ్చింది. ఆస్తి చిన్నకొడుకుకు చెందింది. ఆ తల్లి బిడ్డను వెంటబెట్టుకొని పుట్టింటికి వెళ్లిపోయింది. నేనైనా గట్టిగా చెప్పలేకపోయానే అన్న బాధ నన్ను నేటికీ వదలలేదు.

కొడుకు బ్రతికి ఉండగా, మరణించిన కొడుకు సంతానానికి వారసత్వంలో వాటా రాదు. "ఇదేం న్యాయం?" అని కొందరు అడుగుతారు. షరీఅత్ ఆ పిల్లవాడిని గాలికి వదిలేయలేదు. వారసులు కానివారికి ఆస్తిలో మూడోవంతు వరకు వసీయత్ (వీలునామా) చేసే హక్కు తాతకు ఇచ్చింది. పైగా పంపకం వేళ వారసులు కాని బంధువులు, అనాథలు, పేదలు వస్తే వారికీ కొంత ఇవ్వమని అన్నిసా సూరా 8వ ఆయతు బోధిస్తున్నది. ఈజిప్టు 1946లో ఇటువంటి మనుమల కోసం మూడోవంతుకు లోబడి వసీయత్‌ను తప్పనిసరి చేసింది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. కనుక ఇది పూర్తిగా తాతగారి బాధ్యతే.

మూడోవంతు హద్దు ఎక్కడిది? హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. సగమన్నా ఒప్పుకోలేదు. చివరికి మూడోవంతుకు అనుమతిస్తూ, అదీ ఎక్కువేనన్నారు. వారసులు ఇతరుల ముందు చేయిచాచే స్థితి రాకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

వారసుడికి వసీయత్ చెల్లదు. మిగతా వారసులు సమ్మతిస్తేనే చెల్లుతుంది. ఒక కొడుకు మీద ప్రేమతో కూతుళ్ల వాటా తగ్గించాలని వీలునామా వ్రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లెక్క చూద్దాం. ఒకాయన 13 లక్షల ఆస్తి వదిలి మరణించాడు. ముందుగా కఫన్, దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. ఇవన్నీ లక్ష అయితే 12 లక్షలు మిగులుతాయి. ఇందులో 4 లక్షల వరకు అనాథ మనుమడికి వసీయత్ చేయవచ్చు. మిగిలిన 8 లక్షల్లో భార్యకు ఎనిమిదోవంతు, అంటే లక్ష. తల్లిదండ్రులు లేకుండా ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉంటే, మిగతా 7 లక్షల్లో కొడుక్కి మూడున్నర లక్షలు, ఒక్కో కూతురికి లక్షా డెబ్బై ఐదు వేలు వస్తాయి.

ముస్లిం నోటిమాటగా చేసిన వసీయత్ కూడా మన దేశంలో చెల్లుతుంది. కాని దాన్ని రుజువు చేయడం కష్టం. అందుకే కాగితంపై వ్రాయండి. ఇద్దరు న్యాయశీలురను సాక్షులుగా పెట్టుకోమని అల్‌మాయిదా సూరా 106వ ఆయతు సూచిస్తున్నది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. బ్రతికి ఉన్నంతకాలం వీలునామాను మార్చుకోవచ్చు. ఎవరికి బాకీ ఉన్నారో, ఎవరి వద్ద నుంచి రావాలో కూడా అందులో వ్రాయండి. బ్యాంకు ఖాతాకు నామినీగా పేరుంటే చాలనుకోవద్దు. నామినీ డబ్బు తీసుకుంటాడు, కాని అది వారసులందరిదీ. బ్రతికి ఉండగానే హిబా (దానం) చేయదలిస్తే స్వాధీనం కూడా అప్పగించాలి.

వసీయత్ చేయవలసిన విషయం ఉన్న ముస్లిం, దాన్ని వ్రాసి ఉంచకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మా పెద్దమనిషి రెండేళ్లు గడిపేశారు. మరి మనమో? అల్లాహ్ మనందరికీ హక్కుదారుల హక్కు నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.