కుక్కపిల్లలలో పుట్టుకతో వచ్చు లోపములు: జత కట్టించుటకు ముందే జాగ్రత్త

విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు వెంబడి గ్రామముల నుండి హైదరాబాదుకు వచ్చిపోవు రైతులలో అనేకులు ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా తిరుగువారే. తోట కాపలాకో, గొర్రెల దొడ్డికో, కోళ్ల షెడ్డుకో ఈ పేటలలో కుక్కపిల్లను కొని తీసికొనిపోవుట కద్దు. పిల్ల ముద్దుగా నుండును, బేరము కుదురును. కొన్ని వారములకు అది పిలిచినను తిరిగి చూడదనియు, ఆరేడు నెలలకు మెట్టు ఎక్కలేక వెనుక కాళ్లు ఈడ్చుచున్నదనియు తెలియును. అప్పుడు వైద్యుని వద్దకు పరుగెత్తినను చేయగలిగినది స్వల్పమే.

ఇట్టి లోపములలో అధికభాగమునకు మూలము తల్లిదండ్రులలోనే ఉన్నది. ఆ మూలము పైకి కనిపింపకపోవుటయే చిక్కు. లోపమునకు కారణమైన జన్యువు తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగియున్నచో రెండును ఆరోగ్యముగనే తిరుగును. కాని వాని సంతతిలో సగటున నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రక్కల నుండియు అదే జన్యువు వచ్చి లోపము బయటపడును. మరి రెండు పిల్లలు పైకి బాగుగనే ఉండి ఆ జన్యువును తరువాతి తరమునకు మోసికొనిపోవును.

దగ్గర రక్తసంబంధము గల జతలలో ఈ ప్రమాదము హెచ్చు. తోబుట్టువులను గాని, తండ్రీకూతుళ్లను గాని దాటించినచో, ఏ జన్యువు విషయముననైనను ఒకే పూర్వుని నకలు పిల్లకు రెండు వైపుల నుండియు చేరు అవకాశము 25 శాతము. తల్లి గాని, తండ్రి గాని ఒక్కరే సమానమైనచో 12.5 శాతము. మనము పెండ్లి సంబంధము చూచునప్పుడు గోత్రము విచారింతుము. ఊరి ఆబోతును సకాలమున మార్చకున్న తన కూతుళ్లనే దాటునని ఎరుగుదుము. కుక్క విషయమున మాత్రము "మంచి జాతిదేనా?" అని అడిగి ఊరకుందుము. పేటలో పేరుపడిన మగకుక్క ఒకటే ఉన్నచో చుట్టుప్రక్కల ఆడకుక్కలన్నిటికి అదియే తండ్రియగును. మరి రెండేండ్లకు దాని పిల్లలు రెండు వీధుల అవతలనే పరస్పరము జత కలియును. జాతి శుద్ధి వేరు, ఆరోగ్యము వేరు.

అందమును చూచి ఏరుట వలన వచ్చు కీడునకు రాజపాళయము కుక్క మంచి నిదర్శనము. తమిళనాడులోని రాజపాళయము తెలుగుదేశము నుండి వలసపోయిన రాజులు స్థిరపడిన ఊరు. ఆ ఊరి పేరు గల ఈ వేటకుక్క బొమ్మతో తపాలా శాఖ 2005లో బిళ్లను వెలువరించినది. పాలవంటి తెలుపు, గులాబి రంగు ముక్కు గల పిల్లలకే గిరాకి. మచ్చలతో పుట్టిన వానిని పూర్వము చంపివేయుటయు కలదు. అయితే వినికిడికి చెవి లోపలి భాగమున రంగునిచ్చు కణములు అవసరము. అవి లేనిచోట ఆ భాగము క్షీణించి, కొద్ది వారములలోనే పిల్ల చెవిటిదగును. ఈ జాతిలో చెవిటి పిల్లలు పుట్టుట అందుకే. దొంగ వచ్చునప్పుడు కుక్క ఒంటిపై మచ్చలు లెక్కించి రాడు గదా! మచ్చ ఉన్న పిల్లయే మేలని మా అభిప్రాయము.

పిల్లను కొనువారు దానిని తోడి పిల్లల నుండి వేరుచేసి, వెనుక నుండి తాళపుచెవుల గుత్తి మ్రోగించి చూడవలెను. గుంపులో నున్న చెవిటి పిల్ల మిగతావానిని చూచి పరుగెత్తును గనుక మోసపోవుదుము. ఒక చెవి మాత్రమే వినబడని పిల్ల ఈ పరీక్షకు దొరకదు. నోరు తెరచి అంగిలి చీలియున్నదేమో చూడుడు. అట్టి పిల్లకు త్రాగిన పాలు ముక్కు వెంట వచ్చును. మగపిల్లకు వృషణములు రెండును దిగినవో లేదో తడవి చూడుడు. ఒక్కటే దిగిన కుక్కకు సంతానము కలుగవచ్చును గాని దానిని జతకు వాడరాదు. లాబ్రడార్, అల్సేషియన్ జాతులలో తుంటి కీలు లోపము తరచుగా కలదు. ఏడాది దాటిన పిదప ఎక్స్‌రే తీయించి, కీలు బాగున్న వానినే దాటించవలెను.

తల్లి చూలుతో నుండు సుమారు 63 దినములును జాగ్రత్త కావలెను. దురదకు స్టిరాయిడ్ సూదులు, తామరకు గ్రిసియోఫల్విన్ బిళ్లలు చూలు కుక్కకు ఇచ్చినచో పిల్లల అంగిలి చీలవచ్చును. టీకాలు ఎదకు రాకముందే పూర్తిచేయించుడు.

2017 నాటి కేంద్ర నియమముల ప్రకారము కుక్కలను పెంచి అమ్మువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. 18 నెలలు నిండని కుక్కను జతకు వాడరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. నమోదు పత్రము చూపుమని అడుగుటకు మొగమాటపడకుడు. తల్లిని చూపించుటకు వెనుదీయు అమ్మకందారు వద్ద కొనకుండుట మంచిది. సందేహమున్నచో మీ పశువైద్యశాలలో గాని, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో గాని చూపించుడు. ఎల్.బి.నగర్ నుండి లోపలి రింగు రోడ్డున చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా అచటికి చేరవచ్చును.

మీ కుక్క ఈతలో లోపము గల పిల్ల పుట్టినచో దానిని గుట్టుగా పారవేయక, ఏ తల్లికి, ఏ తండ్రికి, ఏ తేదీన పుట్టినదో పుస్తకమున వ్రాసి, మగకుక్క యజమానికి తెలుపుడు. ఆ జతను మరల కలుపకుడు. బాగున్న పిల్లలను కాపలాకు ఇచ్చుటకు అభ్యంతరము లేదు గాని, జత కట్టించకుండ శస్త్రచికిత్స చేయించుమని తీసికొనువారితో ముందే చెప్పుడు.