నర్సమ్మ దగ్గర మొదలుపెట్టండి

ఒళ్ళో బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. మళ్ళీ నెల తప్పుతుందేమోనని దిగులు. అత్తగారితో చెప్పుకోవాలంటే సిగ్గు. టౌను ఆస్పత్రికి పోదామంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అదనం. ఇంత ఆలోచన అక్కరలేదమ్మా. ఈ మాట అడగడానికి టౌను దాకా పోనవసరం లేదు.

సుమారు వెయ్యిమందికి ఒక ఆశా కార్యకర్త ఉంటుంది. ఆమె మీ ఊరి మనిషే. నిరోధ్‌లు, మాత్రలు ఆమె వద్దనే దొరుకుతాయి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని లెక్క. నర్సమ్మ, అంటే ఎ.ఎన్.ఎం., పనిచేసేది అక్కడే. బోర్డు మీద 'ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్' అనో, తెలంగాణలో 'పల్లె దవాఖానా' అనో వ్రాసి ఉండవచ్చు. పేరు చూసి తికమకపడకండి. మీరు వెళ్ళేసరికి తాళం వేసి ఉంటే నర్సమ్మ ఊళ్ళ మీదికి వెళ్ళిందని అర్థం. మన వైపు టీకాలు వేసేది సాధారణంగా బుధ, శనివారాలలో. ఆ రోజుల్లో ఆమెను పట్టుకోవడం తేలిక.

ఆ పైన, దాదాపు 30,000 మందికి డాక్టరు ఉండే ప్రాథమిక ఆరోగ్యకేంద్రం. దానికీ పైన 30 పడకల ఆస్పత్రి. ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో, ఏ రోజున చేస్తారో నర్సమ్మకు తెలుసు. ఆమెను అడిగి బయలుదేరితే ఊరికే తిరిగి రావలసిన పని ఉండదు.

బిడ్డకు పాలిస్తున్నారా? ఆ సంగతి ముందే చెప్పండి. కాన్పయిన మొదటి ఆరు నెలలలో పాలిచ్చే తల్లికి మాలా-ఎన్ మాత్రలు ఇవ్వరు. ఛాయా మాత్రలు వాడవచ్చు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. కాన్పయిన ఆరు వారాలకు అంతరా సూది మొదలుపెట్టవచ్చు. మూడు నెలలకొకసారి వేయించుకోవాలి. దీనితో ముట్టు క్రమం తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. అది జబ్బు కాదు. ఆస్పత్రిలో కాన్పయితే 48 గంటలలోగా కాపర్ టి కూడా వేయించుకోవచ్చు. 380-ఎ రకం పదేళ్ళు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే మధ్యలోనే తీయించుకోవచ్చు.

ఇక ఆపరేషన్. ఇది శాశ్వతమని మీకు తెలిసే భాషలో చెప్పిన తరువాతనే సంతకం అడగాలి. సంతకం మీదే. భార్య చేయించుకోవడానికి భర్త సంతకం గాని, భర్త చేయించుకోవడానికి భార్య సంతకం గాని అవసరం లేదు. ఎవరైనా తొందరపెడితే "ఆలోచించుకుని వస్తాను" అనండి.

1976-77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ మగవారివే, బలవంతంగా చేసినవీ ఉన్నాయి. ఆనాటి భయం తాతల నుంచి మనవళ్ళకు దిగి, ఇప్పుడు బరువంతా ఆడవారి మీదనే పడింది. ఇది న్యాయం కాదు. 1996లో ఆపరేషన్ల లక్ష్యాలను ఎత్తివేశారు. కోత, కుట్లు లేని వేసెక్టమీ చేయించుకున్న మనిషి ఆ రోజే ఇంటికి రావచ్చు. మగతనం తగ్గదు. ఒక వారం బరువులు ఎత్తకూడదు, సైకిలు తొక్కకూడదు. మూడు నెలల తరువాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. అందులో కణాలు లేవని తేలేదాకా నిరోధ్ మానరాదు.