వేడిగాలితో సన్నటి టంకం

పాత రేడియో వెనక మూత తీస్తే బోర్డు రంధ్రాల్లోకి కాళ్లు దింపుకున్న రెసిస్టర్లు, కెపాసిటర్లు కనిపించేవి. ఇప్పటి ఫోన్ బోర్డులో ఆ కాళ్లూ లేవు, ఆ రంధ్రాలూ లేవు. భాగాలన్నీ బోర్డు పైపొర మీదే అతుక్కుని ఉంటాయి. వీటినే సర్ఫేస్ మౌంట్ భాగాలంటారు. 0603 సైజు రెసిస్టర్ పొడవు 1.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.8. నువ్వుగింజలో సగం ఉంటుందేమో!

అంత చిన్నవాటిని కూడా ఇంట్లో అతకవచ్చు. చాలావాటికి సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ చాలు. చిక్కంతా క్యూఎఫ్ఎన్ లాంటి చిప్‌లతోనే. వాటి అతుకులు అడుగున ఉంటాయి, ఐరన్ మొన అక్కడికి చేరదు. అలాంటి చోట వేడిగాలి కావాలి. మొబైల్ రిపేరు షాపులవాళ్లు ‘బ్లోయర్’ అనేది ఈ పరికరాన్నే.

ముందుగా బోర్డు మీది రాగి ప్యాడ్లకు సోల్డర్ పేస్టును పలచగా పూయాలి. కంటికి ఆనని టంకం పూసలను ఫ్లక్స్‌లో కలిపితే ఈ పేస్టు తయారవుతుంది. పట్టకారుతో చిప్‌ను దానిమీద పెట్టి, నాజిల్‌ను కొంచెం ఎత్తున గుండ్రంగా తిప్పుతూ బోర్డును నిదానంగా వేడెక్కించాలి. తర్వాత నాజిల్‌ను కాస్త దగ్గరికి తేవాలి. బూడిదరంగు పేస్టు ఉన్నట్టుండి వెండిలా మెరుస్తుంది. కరిగిన టంకం తలతన్యత వల్ల, కొద్దిగా వంకరగా పెట్టిన చిప్ తనంతట తానే జరిగి ప్యాడ్ల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఈ పనిలో అన్నిటికన్నా అందమైన క్షణం ఇదే.

తొందరపడితేనే నష్టం. గాలి వేగం ఎక్కువైతే చిన్న భాగాలు ఎగిరిపోతాయి. ఒక కొస ముందు కరిగితే రెసిస్టర్ నిలువుగా లేచి నిలబడుతుంది. వేడి ఒక్కసారిగా తగిలితే సిరామిక్ కెపాసిటర్లు పగులుతాయి. పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లు కరగకుండా వాటిని కాప్టన్ టేపుతో కప్పాలి.

63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం లేని ఎస్ఏసీ305 కరగడం మొదలయ్యేది 217 దగ్గర. తగరం, బిస్మత్ కలిపిన రకానికి 138 చాలు. అయితే మెషిన్ మీద కనిపించే అంకె బోర్డు వేడిని చెప్పదు. దారిలో గాలి చల్లబడుతుంది, బోర్డులోని రాగి కూడా వేడిని లాగేస్తుంది. అందుకే సెట్టింగ్ ఎప్పుడూ కరిగే వేడికన్నా చాలా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది.

పైకి లేచే పొగ ఫ్లక్స్‌ది. అందులోని రోజిన్ ఆస్తమాకు దారితీయవచ్చు కాబట్టి గాలి ఆడే చోటే పని చేయాలి. సీసం ప్రధానంగా చేతుల నుంచి నోట్లోకి చేరుతుంది. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పేస్టును చల్లగా దాచాలి, కానీ తినే పదార్థాలున్న ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.

నేర్చుకోవాలనుకునేవారు కొత్త బోర్డుతో మొదలుపెట్టవద్దు. మూలన పడేసిన సెట్‌టాప్ బాక్స్‌ను విప్పి, దాని భాగాలను ఊడదీసి మళ్లీ అక్కడే అతికి చూడండి. చేయి కుదిరాకే పనికొచ్చే బోర్డును ముట్టుకోండి.