కుర్చీ ఎక్కడమే కాదు.. దిగడమూ తెలియాలి!

* రైలు కార్మికుల మధ్య పుట్టిన ‘గిరి మార్గం’
* బరంపురం బిడ్డ బతుకు బాటలో నేటి ఉద్యోగులకు పాఠాలు

బరంపురం: గిరి రోడ్డు మీదుగా రోజూ ఎంతోమంది వెళ్తుంటారు. గిరి మార్కెట్‌లో బేరాలాడుతుంటారు. ఆ గిరి ఎవరని అడిగితే ‘రాష్ట్రపతిగా చేశారు కదా’ అని చటుక్కున చెబుతారు. అక్కడిదాకా ఎలా వెళ్లారంటే మాత్రం కాస్త తడబడతారు. డిగ్రీ చదివి ప్రైవేటు ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు ‘లీడర్‌షిప్’ నేర్చుకోవాలని శిక్షణ తరగతులకు డబ్బు కడుతున్న కాలమిది. ఈ ఊరి వీధుల్లో తిరిగిన మనిషే ఆ విద్యను ఓనమాల నుంచి నేర్చుకున్నారని, దానికి ఆయన పేరే పెట్టారని చాలామందికి తెలియదు. పారిశ్రామిక సంబంధాల పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనిపించే ‘గిరి మార్గం’ అదే. పదవులు ఆయన వెంట వచ్చాయి. వచ్చిన పదవిని అవసరమైనప్పుడు వదిలేయడం కూడా ఆయనకు తెలుసు. ఒకటి రెండుచోట్ల ఆ మార్గం ఆయనకే అక్కరకు రాలేదు. అదీ చెప్పుకోవాల్సిందే.

ఊరు కదల్లేదు.. రాష్ట్రం మారింది

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ మనిషి. తల్లి సుభద్రమ్మ కూడా ఇంటి పట్టున ఉండిపోలేదు. స్వాతంత్య్రోద్యమంలోకి దిగి, మద్య నిషేధం కోసం పోరాడి అరెస్టయ్యారు. గిరి చదువు ఇక్కడి ఖళ్లికోట కళాశాలలో సాగింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అందులోకి వెళ్లింది. ఇళ్లు అవే, వీధులు అవే, ఇంట్లో మాట అదే తెలుగు. రాష్ట్రం మాత్రం మారింది. ఆ మరుసటి ఏడాదే గిరి బొబ్బిలి నుంచి మద్రాసు శాసనసభకు పోటీ చేశారు. మద్రాసు ప్రధానిగా చేసిన బొబ్బిలి రాజావారిని ఆయన సొంత గడ్డ మీదే ఓడించారు. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, గెలిచిన సీటు మరో రాష్ట్రంలో! రెండు వైపులా మనుషులున్నవాడికి రెండు వైపులా మాట వినే అలవాటు ఉండాలి. సరిహద్దు ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

బారిస్టరు చదువుకెళ్తే..

1913లో లా చదవడానికి గిరి ఐర్లాండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. అప్పుడు ఐర్లాండ్ కూడా బ్రిటిష్ పాలన కిందే ఉంది. అక్కడ ఆయనకు చట్టంతోపాటు మరో పాఠం కూడా దొరికింది. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ ప్రభావం ఆయన మీద బలంగా పడింది. కాలేజీలో ఇంగ్లిషు చెప్పిన థామస్ మెక్‌డొనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. ఆ తిరుగుబాటు తర్వాత కానలీనీ, మెక్‌డొనానూ కాల్చి చంపారు. పోలీసుల అనుమానం భారత విద్యార్థుల మీదా పడింది. జులై 1లోగా దేశం వదలాలని గిరికి నోటీసు వచ్చింది. ఎలాగో బారిస్టరు పట్టా చేతబట్టుకుని ఆయన ఇల్లు చేరారు.

వకీలుగా పని బాగానే సాగుతోంది. అంతలో 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు. గిరి కోర్టు వదిలేశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఆయన దిగిన మొదటి కుర్చీ అదే!

పేరు వెనుక.. పని ముందు

బరంపురం మీదుగా వెళ్లే రైలు మార్గం ఆ రోజుల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీది. దాని పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో అక్కడ పనిచేసేవారు. ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఖరగ్‌పూర్‌లో ఉన్నారు. తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ.. ఒకే షెడ్డులో నాలుగు భాషలు. ఆ కార్మికులకు సంఘం కట్టే పనిలోకి గిరి దిగారు.

1927-28లో కంపెనీ ఉద్యోగాల కోత మొదలుపెట్టింది. కార్మికులు పని ఆపేశారు. సమ్మెకు ముందు నిలిచిన గిరి దాన్ని రాళ్ల దాకా, లాఠీల దాకా పోనీయకుండా నడిపే ప్రయత్నం చేశారు. చివరికి యాజమాన్యం, ప్రభుత్వం బేరానికి దిగి వచ్చాయి. కోట్లు తొడుక్కున్న కంపెనీ అధికారులను మసి చేతుల కార్మికులతో ఒకే బల్ల ముందు కూర్చోబెట్టడమే అక్కడ జరిగిన పెద్ద మార్పు.

ఎదుగుదల కోరుకునే ఉద్యోగులు గమనించాల్సిన విషయం ఇక్కడొకటుంది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిలబెట్టినవాళ్లలో గిరి ఒకరు. అందులో ఆయన పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. కార్యదర్శి అంటే దండలు పడే కుర్చీ కాదు. ఉత్తరాలు రాయాలి, లెక్కలు చూడాలి, ఊరూరా తిరిగి జనం గోడు వినాలి. కార్మిక సమస్య అడుగు నుంచి అంచు దాకా ఆయనకు తెలిసింది అక్కడే. ఆ తెలివిడే ఆయన్ను 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి తీసుకెళ్లింది. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలోనూ, 1946లో ప్రకాశం మంత్రివర్గంలోనూ కార్మిక శాఖ ఆయన చేతికే వచ్చింది. సిలోన్‌లో భారత హైకమిషనరుగా పనిచేసి వచ్చాక 1952లో నెహ్రూ మంత్రివర్గంలోనూ అదే శాఖ! ఒక్క విషయాన్ని పట్టుకుని లోతుకు వెళ్లినవాడిని పదవి వెతుక్కుంటూ వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఏమిటీ ‘గిరి మార్గం’?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం గొడవ ముదిరితే ప్రభుత్వం దాన్ని ట్రైబ్యునల్‌కు పంపే వీలుండేది. ట్రైబ్యునల్ చెప్పిందే తీర్పు. ఇద్దరికీ ఇష్టం ఉన్నా లేకున్నా కట్టుబడాల్సి వచ్చేది. గిరికి ఇది నచ్చలేదు. ఆయన మాట సూటిగా ఇదీ.. ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కుదరకపోతే మధ్యవర్తి వచ్చి రాజీకి ప్రయత్నించాలి. అదీ కాకపోతే ఇద్దరూ ఒప్పుకున్న పెద్దమనిషి తీర్పు తీసుకోవాలి. బలవంతపు తీర్పు ఎప్పుడో తప్పనిసరైతేనే.

ఎందుకని? తీర్పు వస్తే ఒకడు గెలుస్తాడు, ఇంకొకడు ఓడతాడు. ఓడినవాడు రేపటి కోసం కాచుక్కూర్చుంటాడు. అదే ఇద్దరూ కుదుర్చుకున్న ఒప్పందమైతే ఇద్దరికీ సొంతం. పైగా ప్రతిదానికీ ట్రైబ్యునల్ గుమ్మం ఎక్కే సంఘానికి సొంత కాళ్లమీద నిలబడే బలం రాదు.

1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన కార్మిక సదస్సులో దీనిమీద గట్టి చర్చే జరిగింది. ఎదురు వాదనలోనూ పస ఉంది. అప్పటికి చాలా సంఘాలు బలహీనంగా ఉన్నాయి. ట్రైబ్యునల్ అండ తీసేస్తే యాజమాన్యాలు వాటిని నలిపేస్తాయని కార్మిక సంఘాల్లోనే చాలామంది భయపడ్డారు. బలం సమానంగా లేనిచోట బేరం ఎలా సాగుతుందన్నది వాళ్ల ప్రశ్న. గిరి అనుకున్నట్టు చట్టం మారలేదు. పేరు నిలిచింది, పద్ధతి మాత్రం కాగితం మీదే చాలావరకు ఉండిపోయింది.

మంత్రి పదవికి సెలవు

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల వివాదం వచ్చింది. ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. కార్మిక మంత్రి గిరికి ఇది మింగుడు పడలేదు. ట్రైబ్యునల్ తీర్పులంటే ఆయనకే పడదు కదా అనుకోవచ్చు. కానీ ఇక్కడ మాట నిలబెట్టుకోవడం ముఖ్యం. తీర్పు చెప్పమని పంపినవాళ్లే ఆ తీర్పును కత్తిరిస్తే ఇక ఉద్యోగి ఎవర్ని నమ్ముతాడు? ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన కమిషన్ సిఫార్సులతో 1955లో ఉద్యోగులకు చాలావరకు ఊరట దొరికింది.

రాజీనామా చేశారు గానీ బంధం తెంచుకోలేదు. కార్మిక ఆర్థిక శాస్త్రం మీద పనిచేసే పండితులతో కలిసి 1957లో ఏర్పడిన సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది పార్వతీపురం లోక్‌సభ ఎన్నికలో ఓడిపోయారు. అది రెండు సీట్ల నియోజకవర్గం. ఒకటి గిరిజనులకు రిజర్వు, ఇంకొకటి జనరల్. ఆ జనరల్ సీటునూ గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొరే గెలిచారు. గిరి కోర్టుకెళ్లారు. ఎక్కువ ఓట్లొస్తే రిజర్వుడు అభ్యర్థికి జనరల్ సీటూ దక్కుతుందని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. ఓటమి ఓటమే. ఈలోగా ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. తర్వాత కేరళ, మైసూరు, 1967లో ఉపరాష్ట్రపతి పదవి.

పెద్ద కుర్చీ కోసం.. ఉన్న కుర్చీ వదిలి

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆ బాధ్యతలు గిరికి వచ్చాయి. కాంగ్రెస్ మాత్రం నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలిపింది. గిరి ఉన్న పదవులు రెండూ వదిలి, జులై 20న రాజీనామా ఇచ్చి, స్వతంత్రంగా బరిలోకి దిగారు. బరిలో ప్రధాన అభ్యర్థులు ఇద్దరూ తెలుగువారే! ప్రధాని ఇందిరా గాంధీ ‘అంతరాత్మ ప్రబోధం’ పిలుపు ఆయనకు కలిసొచ్చిందన్నది దాచాల్సిన సంగతి కాదు. మొదటి లెక్కింపులో ఎవరికీ కావాల్సినన్ని రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆగస్టు 24న ఆయన ప్రమాణం చేశారు. అప్పటికి డెబ్భై అయిదేళ్లు నిండి రెండు వారాలు. ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో కేసు పడితే, పదవిలో ఉండగానే స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. కేసును 1970లో కోర్టు కొట్టేసింది.

కూర్చుండిపోయిన రోజు

ఇంతవరకూ చదివి ‘భలే’ అనుకుంటే సగమే తెలిసినట్టు. 1974 మే 8న దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. సమ్మెకు ముందు నిలిచింది జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడిగా ఉన్న రైల్వేమెన్ ఫెడరేషన్. ఒకప్పుడు గిరి తన చేతులతో నిలబెట్టిన సంఘమే అది! ప్రభుత్వం ఉక్కుపాదం మోపింది. వేలమందిని జైళ్లలో పెట్టింది, ఉద్యోగాల నుంచి తీసేసింది. మే 27న సమ్మె విరమించారు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఖరగ్‌పూర్ కార్మికుల గిరే. మంత్రివర్గం మాట ప్రకారం నడవాల్సిన పదవి అది. నిజమే. కానీ 1954లో ఓ జీతాల తగాదాకు లేచి వచ్చేసిన మనిషి ఆనాడు ఎందుకు లేవలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. ప్రధానికి తలూపే రాష్ట్రపతి అన్న విమర్శను ఆయన మోయాల్సి వచ్చింది. కుర్చీ పెద్దదయ్యేకొద్దీ లేవడం కష్టమవుతుందన్నది కూడా ఆయన జీవితమే నేర్పిన పాఠం.

మన బల్ల దగ్గరికొస్తే..

ఇవన్నీ పెద్దవాళ్ల సంగతులు, మనకెందుకు అనిపించొచ్చు. బట్టల కొట్టులో, నర్సింగ్ హోంలో, ఫ్యాక్టరీలో నలుగురి మీద సూపర్‌వైజరు అయినవాడికి మొదటి వారమే ఇవన్నీ ఎదురవుతాయి. షిఫ్టు మార్పు దగ్గర ఇద్దరు గొడవపడతారు. మామూలుగా ఏం చేస్తారు? మేనేజరుకు చెబుతారు. మేనేజరు ఒకర్ని తిడతారు. ఆ ఒక్కరూ నెల్లాళ్లు ముఖం మాడ్చుకుని తిరుగుతారు. గిరి మార్గమైతే ముందు ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. ఎవరి మాట వాళ్లను పూర్తిగా చెప్పనివ్వాలి. కుదిరిన మాట కాగితం మీద పెట్టాలి. కుదరకపోతే ఇద్దరూ నమ్మే సీనియర్‌ను పిలవాలి. మేనేజరు గది చివరి మెట్టు. అయితే ఒక జాగ్రత్త. ఇద్దరి బలం సమానం కానప్పుడు, ఒకరు అధికారి, ఇంకొకరు కొత్తగా చేరిన అమ్మాయి అయినప్పుడు ‘మీరే మాట్లాడుకోండి’ అనడం న్యాయం కాదు. అక్కడ బలహీనుల పక్కన నిలబడాలి. నైనిటాల్‌లో ఎదురు పక్షం అడిగింది అదే.

ఎదుగుదల మాటకొస్తే మూడే ముక్కలు. ఒకటి, ఏదో ఒక పనిని అడుగు దాకా తెలుసుకోవడం. రెండు, పేరు రాని పనిని కొన్నేళ్లు ఓపిగ్గా చేయడం. మూడు, ఏ విషయంలో రాజీపడకూడదో ఉద్యోగంలో చేరిన రోజే మనసులో రాసిపెట్టుకోవడం. మూడోది కోపంలో రాసేది కాదు. ఇల్లు గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి. అందరూ అన్నిసార్లూ లేచి రాలేరు. గిరికే ఒకసారి వీలుపడలేదు. కానీ గీత ఎక్కడుందో తెలిసినవాడికి, అది దాటిన రోజు కనీసం ఆ సంగతి తెలుస్తుంది.

1975లో గిరికి భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో ఆయన మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. ఈసారి గిరి రోడ్డు మీదుగా వెళ్లేటప్పుడు ఆ పేరు కనిపిస్తే ఒక్క క్షణం ఆగితే చాలు. ఆఫీసులో మాట్లాడుకోకుండా ఉన్న ఇద్దరెవరో గుర్తుకురావచ్చు. వాళ్ల కోసం రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయడంతో మొదలుపెట్టొచ్చు!