పాత సైకిలు జాతకం

మీ ఇంటి పెరట్లోనో, మీ తాతగారి ఊళ్ళో పశువుల పాకలోనో ఒక పాత నల్ల సైకిలు గోడకు ఆని ఉండవచ్చు. టైర్లు ఎప్పుడో ఎండి పగిలిపోయి ఉంటాయి. సీటు మీద కోడి పడుకుంటూ ఉంటుంది. "దీన్ని పాత ఇనుప సామానువాడికి వేసేద్దాం," అని ఇంట్లో ఎవరో ఒకరు ఏడాదికోసారి అంటూనే ఉంటారు. ఈసారి ఆ మాట వినపడితే, ఒక్క ఆదివారం గడువు అడగండి. తూకానికి అమ్మితే వచ్చేది కొద్ది డబ్బే. కాని అది ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు పుట్టిందో, మళ్ళీ రోడ్డెక్కగలదో లేదో చూడకుండా అమ్మేస్తే, తరువాత చూడటానికి ఏమీ మిగలదు.

సైకిలుకు టైర్లూ, చైనూ, పెడళ్ళూ, చక్రాలూ మారుతూనే ఉంటాయి. మారనిది ఫ్రేము ఒక్కటే. కనక సైకిలు వయసంటే ఫ్రేము వయసే.

ముందు దాని ముఖం చూడండి. హేండిలు కింద ఉండే పొట్టి గొట్టానికి సాధారణంగా ఒక రేకు బిళ్ళ బిగించి ఉంటుంది. ర్యాలీ వారి గుర్తు కొంగ తల. బి.ఎస్.ఏ. వారిది ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. ఆశ్చర్యపోకండి, ఆ కంపెనీ మొదట బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసేది. అట్లాస్ గుర్తులో ఒక మనిషి భూగోళాన్ని భుజాన మోస్తూ ఉంటాడు. బిళ్ళ ఊడిపోయి ఉంటే నిరాశపడవద్దు, పెడళ్ళ దగ్గర ఉండే పళ్ళచక్రం చూడండి. ర్యాలీ పళ్ళచక్రంలో మూడు కొంగ తలలూ, హంబర్ వారి దానిలో అయిదుగురు మనుషులూ, రడ్జ్ వారి దానిలో ఒక అరచెయ్యీ కోసి ఉంటాయి. ఇటువంటి ముచ్చటైన పని ఈ రోజుల్లో చేసేవాళ్ళు తక్కువ. ఐతే పళ్ళచక్రం మార్చటం సుళువు కనక, దాని సాక్ష్యాన్ని పూర్తిగా నమ్మకూడదు.

ఇంకో చిక్కున్నది. పేరు చూసి ఊరు చెప్పకూడదు. ర్యాలీ అసలు ఊరు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్. కాని 1952 నుంచి మన బెంగాలులో, ఆసన్‌సోల్ దగ్గర, సేన్-ర్యాలీ కర్మాగారంలో కూడా ఆ పేరుతో సైకిళ్ళు తయారైనాయి. హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌లో పుట్టిన పేరే. కాని 1949లో స్థాపించిన టి.ఐ. సైకిల్స్ వారు మద్రాసు పక్కన అంబత్తూరులో హెర్క్యులిస్‌లు చేశారు. కనక బిళ్ళ మీదా, చైను కవరు మీదా "మేడ్ ఇన్" అని ఎక్కడైనా ఉన్నదేమో భూతద్దంతో వెతకండి. ఆ తరువాతి మాట ఇంగ్లండా, ఇండియానా అన్నదే ముఖ్యం.

ఇక నంబరు. సీటు బిగించే చోటగాని, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున గాని ఫ్రేము మీద అంకెలు కొట్టి ఉంటాయి. వాటి నిండా మట్టీ, రంగూ పేరుకుని ఉంటాయి. ఆకురాయి పెట్టి గీకకండి, అంకెలే అరిగిపోతాయి. పాత పళ్ళ బ్రష్షును కిరసనాయిలులో ముంచి మెల్లిగా రుద్దండి. తరువాత ఆ చోట పల్చని కాగితం పరిచి, మీరు రూపాయి బిళ్ళ అచ్చు తీసినట్టే పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దండి. కంటికి ఆనని అంకెలు కాగితం మీద తేలతాయి. మూడు గేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు ఉన్న సైకిలైతే ఇంకా మేలు. 1950ల నాటి హబ్బు మీద సంవత్సరమూ, నెలా కొట్టే ఉంటాయి: 56, 4 అని ఉంటే 1956 ఏప్రిల్ అన్నమాట.

మన ఊళ్ళ సైకిళ్ళకు మరో సాక్షి కూడా దొరకవచ్చు. ఒకప్పుడు చాలా పురపాలక సంఘాలు సైకిలుకు పన్ను వసూలు చేసి, కట్టినవాళ్ళకు సంవత్సరం వేసిన చిన్న లోహపు బిళ్ళ ఇచ్చేవి. అది ఇంకా హేండిలుకో, ఇరుసుకో వేళ్ళాడుతుంటే, ఆ ఏట ఆ సైకిలు ఆ ఊళ్ళో తిరిగిందని రాసిచ్చినట్టే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. సీటు కింది నిలువు గొట్టం వెలుపలి వ్యాసం చాలా ఇంగ్లీషు సైకిళ్ళకు 28.6 మిల్లీమీటర్లు. అందులో దూరే సీటు కడ్డీ మామూలు సైకిలుకు ఒక అంగుళం, అంటే 25.4. తేడా 3.2, గొట్టానికి గోడలు రెండు వైపులా ఉన్నాయి కనక సగం చేస్తే 1.6 మిల్లీమీటర్లు. అదీ ఉక్కు మందం, సుమారుగా. అదే కడ్డీ 27.2 ఉంటే? గోడ 0.7 మించదు! అటువంటి ఫ్రేము పందేలవాళ్ళ కోసం చేసినదై ఉండవచ్చు. గొట్టం కొనల దగ్గర మందంగా, మధ్యలో పల్చగా ఉండేటట్టు చేసే పద్ధతికి ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ అనే ఆయన 1897లో పేటెంటు తీసుకున్నాడు. అతుకుల దగ్గర బలం కావాలి, మధ్యలో అక్కర్లేదు. ఎంత తేలిక ఆలోచనో చూడండి! ఆ కంపెనీ 1935లో తెచ్చిన "531" రకం ఉక్కు గొట్టాలకు ఇప్పటికీ గిరాకీ ఉన్నది. ఆ అంకె ఉన్న స్టిక్కరు కనపడితే, ఆ ఫ్రేమును మాత్రం తూకానికి వెయ్యనివ్వకండి.

గొట్టాలు కలిసే చోట చెక్కినట్టుండే ఉక్కు తొడుగులు ఉంటాయి. తొడుగుకూ, గొట్టానికీ మధ్య సందులోకి కరిగిన ఇత్తడి పాకి అతుకుతుంది. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉక్కుకు ఇంచుమించు 1500 కావాలి. అందుచేత గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. నేర్పుగల పనివాడు అదే అతుకును వేడిచేసి విప్పి, చెడిన గొట్టం తీసి కొత్తది వెయ్యగలడు.

జాతకం చూశాం, ఇక ఆరోగ్యం చూడాలి. ఇది ఆటపని కాదు. వాలులో తమ్ముణ్ణి క్యారియరు మీద కూర్చోబెట్టుకుని పోతుండగా ఫ్రేము విరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎప్పుడో గోడకో, బండికో ఎదురుగా గుద్దుకున్న సైకిలుకు ఏటవాలు గొట్టం అడుగున, ముందు తొడుగు వెనకనే, చిన్న ఉబ్బు వస్తుంది. కంటికి కనపడకపోయినా వేలితో రాస్తే తెలుస్తుంది. అక్కడ రంగు గీతలు గీతలుగా చిట్లినా అనుమానించాలి. అటువంటి ఫ్రేమును బాగుచేయించే దాకా ఎక్కకూడదు. తరువాత పెడళ్ళ ఇరుసు గొట్టం అడుగున దబ్బనంతో పొడిచి చూడండి. నీళ్ళు సీటు గొట్టంలోంచి దిగి అక్కడే నిలుస్తాయి. దబ్బనం లోపలికి దిగిపోతే ఆ ఉక్కును తుప్పు తినేసిందన్నమాట.

ఫ్రేము వంకర పోయిందీ లేనిదీ ఒక దారంతో చెప్పవచ్చు. వెనక చక్రం తీసేసి, ఇరుసు దూరే గాడి ఒకదానికి దారం కట్టి, ముందు పొట్టి గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండో గాడికి బిగించి కట్టండి. ఇప్పుడు నిలువు గొట్టం నుంచి రెండు వైపుల దారాలకూ ఉన్న దూరం స్కేలుతో కొలవండి. రెండూ సమానంగా ఉంటే మంచిది. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే, ఉక్కు గనక తెలిసినవాళ్ళ చేత సరిచేయించవచ్చు.

ఇక శుభ్రం చెయ్యటం. చాలామంది చేసే పని ఏమిటంటే, మొదటి రోజే గరుకు కాగితం తీసుకుని రంగంతా గీకి, మెరిసే కొత్త రంగు వేయించటం. నాకది ఇష్టం ఉండదు. ఆ నల్లరంగు మీది బంగారు గీతలూ, కంపెనీ పేరూ ఒకసారి పోతే మళ్ళీ రావు. పైగా పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ పొడి పీలిస్తే విషం. రంగు తియ్యక తప్పకపోతే పెద్దవాళ్ళే, నీళ్ళతో తడుపుతూ చెయ్యాలి. మీరు ఆ దగ్గరికి పోకండి. అంతకుముందే పేరునూ, గీతలనూ పల్చని కాగితం మీద దిద్దుకుని, ఫొటోలు తీసిపెట్టుకోవాలి. నిజానికి చాలా ఫ్రేములకు సబ్బు నీళ్ళూ, మెత్తటి గుడ్డా, ఆ పైన పల్చగా మైనమూ చాలు.

మెరుగుపోయిన హేండిలుకూ, రిమ్ములకూ మందుల పొట్లాల మీద వచ్చే అల్యూమినియం రేకును నీళ్ళలో తడిపి రుద్దండి. అల్యూమినియం క్రోమియం కంటె మెత్తన కనక గీత పడదు. రంగులేని ఇనుప ముక్కల తుప్పుకు అమ్మ ఇత్తడి బిందెలు తోమే చింతపండే పనికొస్తుంది. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఐతే వెంటనే కడిగి, తుడిచి, నూనె రాయాలి. లేకపోతే తెల్లవారేసరికి తుప్పు మళ్ళీ హాజరు! ఫ్రేమును తలకిందులు చేసి లోపలి పొడి దులిపి, గొట్టాల్లో కాస్త అవిసె నూనె పోసి అటూ ఇటూ తిప్పితే లోపల పొర కడుతుంది.

బిగించే రోజున సైకిలు షాపు మేస్త్రీ పక్కన ఉంటే మంచిది. ఎడమ పెడలు మర అపసవ్యంగా తిరుగుతుంది. ఇంగ్లీషు ఫ్రేముల్లో పెడళ్ళ ఇరుసు కుడివైపు కప్పుదీ అంతే. పైగా నాటింగ్‌హామ్ ర్యాలీ కప్పులకు అంగుళానికి 26 మరలు ఉంటే, తక్కిన ఇంగ్లీషు కంపెనీల వాటికి సాధారణంగా 24 ఉంటాయి. ఒకదానిలో ఇంకొకటి బలవంతాన తిప్పితే, ఇన్నేళ్ళు నిలిచిన ఫ్రేము ఒక్క నిమిషంలో పాడవుతుంది. కప్పు చేత్తో రెండు చుట్లు తేలిగ్గా తిరిగితేనే స్పానరు పట్టుకోవాలి. ఇక కొత్తగా వేసిన కాటర్ పిన్నులు తొక్కేకొద్దీ సర్దుకుని వదులవుతాయి; వారం రోజులు తొక్కిన తరువాత వాటి నట్లను మరోసారి బిగించండి.