సరుకు మీదే, మరి పేరు ఎవరిది?

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాంతో ఊరి పేరు అక్కడి తయారీదారులందరి ఉమ్మడి సొత్తయింది. డబ్బామీద వేసుకునే సొంత పేరు సంగతి వేరు. దానిని ఎవరికి వారే కాపాడుకోవాలి.

పంచాయతీ లైసెన్సు, జి.ఎస్.టి. నెంబరు ఉన్నంత మాత్రాన పేరుమీద హక్కు రాదు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం కింద రిజిస్టరు చేయించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, ఉద్యమ్ పత్రం ఉన్న చిన్న పరిశ్రమలకు ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ తరగతి. మసాలా పొడులు, మిఠాయిలు 30వ తరగతి. రెండు రకాలూ అమ్మేవారు రెండు రుసుములు కట్టాలి.

ఆ పేరు ఇంతకుముందే ఎవరికైనా ఉందేమో ముందుగా చూసుకోవాలి. సరుకు గుణాన్ని మాత్రమే చెప్పే “కమ్మని నెయ్యి” వంటి పేర్లను సాధారణంగా ఒప్పుకోరు. పరిశీలనలో నెగ్గిన పేరును ట్రేడ్ మార్కుల జర్నల్‌లో ప్రకటిస్తారు. 4 నెలల్లో అభ్యంతరాలు రాకపోతే రిజిస్టరవుతుంది. దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత పొడిగించుకోవచ్చు.

మీరు ఏళ్లతరబడి వాడుతున్న పేరును వేరొకరు రిజిస్టరు చేయించుకుంటే? వారికంటే ముందునుంచీ మానకుండా వాడుతున్నవారికి 34వ సెక్షను రక్షణ ఇస్తుంది. కాని రుజువు చూపాలి. అందుకే తేదీలున్న పాత బిల్లులు, లేబుళ్లు, కరపత్రాలు పారేయకండి. రేపు మీ పేరు మీదేనని సాక్ష్యం చెప్పేవి అవే.